రౌండ్స్‌లో చెప్పిన మాట ఎవరి చెవిన పడింది?

ఉదయం ఏడున్నర. మగవారి సర్జికల్ వార్డు గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను విజిల్ ఊదాడు. "అటెండర్లందరూ బయటికి! రౌండ్స్, రౌండ్స్!" మంచాల కింద పరిచిన చాపలు చుట్టుకున్నాయి. ఫ్లాస్కులూ క్యారేజీలూ గోడ వారకు జరిగాయి. ఐదు నిమిషాల్లో వార్డులో రోగులు తప్ప ఇంటి మనిషి ఒక్కరూ లేరు. నేను తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను.

పదకొండో నంబరు మంచం మీద మా మేనమామ. పేగు మెలిపడి నల్లబడితే ఆ ముక్క కోసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. ఆపరేషన్ అయి అది మూడో రోజు. ముక్కులో రైల్స్ ట్యూబు, పొట్ట పక్కన డ్రెయిన్, మూత్రానికి పైపు, చేతికి సెలైన్.

పెద్ద డాక్టరు గారు వచ్చారు. వెనక ఒక అసిస్టెంటు, ఇద్దరు పీజీలు, ముగ్గురు హౌస్ సర్జన్లు. పదకొండో మంచం దగ్గర రెండు నిమిషాలు ఆగారు. పొట్ట నొక్కారు, కుట్లు చూశారు, ఇంగ్లీషులో ఏదో చెప్పారు, మామయ్య భుజం తట్టి పన్నెండో మంచానికి వెళ్ళిపోయారు.

లోపలికి వదిలాక అడిగాను. "ఏమన్నారు మామయ్యా?"

"ఏమోరా, ఏదో అన్నారు. భుజం తట్టారు కదా, బాగానే ఉందనుకుంటా."

సిస్టర్‌ని అడిగాను. "నేను ఆ చివర ఇంజెక్షన్లు చేస్తున్నానండీ. కేస్ షీట్ చూసి చెప్తా" అంది. కేస్ షీట్లో ఆ తేదీ కింద రెండే మాటలున్నాయి. వైటల్స్ స్టేబుల్. సీఎస్‌టీ. వార్డుల్లో తిరిగినవాళ్ళకి ఆ మూడక్షరాలు బాగా తెలుసు. నిన్నటి వైద్యమే ఇవాళా నడవనివ్వండి అని అర్థం.

ఐదో రోజు రాత్రి మామయ్యకి వణుకుతో జ్వరం వచ్చింది. మంచం ఊగిపోయేంత వణుకు. పరీక్షలు చేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. అర్ధరాత్రి వచ్చిన పీజీ డాక్టరు దుప్పటి ఎత్తి చూసి, "అరే, ఈ పైపు సార్ మూడో రోజే తీసేయమన్నారే!" అన్నాడు. పెద్ద డాక్టరు గారు ఆ మాట అన్న క్షణంలో హౌస్ సర్జన్ పదో మంచం కేస్ షీట్ పూర్తి చేస్తున్నాడట. హౌస్ సర్జన్ రాసుకుంటున్నాడని పీజీ అనుకున్నాడు. సిస్టర్ ఆ చివర ఉంది. మామయ్యకి ఇంగ్లీషు రాదు. నేను తలుపు బయట ఉన్నాను. మందిలో మజ్జిగ పలచనైనట్టు, అంతమంది మధ్యలో ఒక్క మాట ఆవిరైపోయింది. దాని ఖరీదు ఇంకో నాలుగు రోజుల ఆసుపత్రి.

ఎవరినీ తప్పు పట్టాలని ఇది రాయడం లేదు. వాళ్ళలో బద్ధకస్తులెవరూ నాకు కనపడలేదు. ఆ తర్వాత మాత్రం, ఈ రౌండ్స్ అనే తంతు అసలు ఎలా నడుస్తుంది, ఎక్కడ తెగుతుంది అని కొంత చదివాను, కొంత వార్డు మనుషుల్ని అడిగాను. తెలిసింది చెబుతాను.

ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో సర్జరీ విభాగం యూనిట్లుగా ఉంటుంది. ఒక్కో యూనిట్‌కి ఒక చీఫ్, ఆయన కింద అసిస్టెంట్లు, పీజీలు, హౌస్ సర్జన్లు. యూనిట్‌కి వారంలో ఓపీ రోజులు వేరు, ఆపరేషన్ రోజులు వేరు. ఆపరేషన్ రోజున తొమ్మిదింటికల్లా థియేటర్లో మొదటి కేసు టేబుల్ మీద ఉండాలి. ఆ రోగి రాత్రి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉన్నాడు. మత్తు డాక్టరు ఎదురు చూస్తున్నాడు. అందుకని వార్డంతా ఆలోపు చుట్టి రావాలి. మెడిసిన్ వాళ్ళు ఒక మంచం దగ్గర అరగంట మాట్లాడుకుంటారనీ, సర్జన్లు అరగంటలో వార్డు మొత్తం తిరిగేస్తారనీ డాక్టర్లలోనే ఒక ఎకసెక్కం ఉంది. సర్జన్ ఆత్రం నిజమే గానీ, ఆ ఆత్రానికి కారణం కూడా ఒక రోగే. థియేటర్ బయట స్ట్రెచర్ మీద ఉన్న రోగి.

కాబట్టి వేగాన్ని తిట్టి లాభం లేదు. పాతికేళ్ళుగా పొట్టలు చూసిన చేతికి రెండు నిమిషాల్లో చాలా తెలుస్తుంది. మా మామయ్య విషయంలో ఆ చెయ్యి ఏమీ పొరపడలేదు కూడా. చూడటం సరిగ్గా జరిగింది, ఏం చేయాలో తేల్చడమూ సరిగ్గా జరిగింది. అప్పగించడమే జరగలేదు.

ముందు, ఆ రెండు నిమిషాల్లో ఏం చూడాలో మనలాంటి వాళ్ళకి కొంచెం తెలియడం మంచిది. కుట్లు చూస్తారని అందరికీ తెలుసు. ఎర్రబడ్డాయా, చీము పట్టిందా అని. కానీ పొట్ట ఆపరేషన్ అయిన మనిషికి అసలు గండం కుట్ల కింద, కనపడని చోట ఉంటుంది. పేగు అతికిన చోట కారడం మొదలైతే అది తరచు ఐదు నుంచి ఏడో రోజు మధ్య బయటపడుతుంది. కారడం మొదలైన మొదటి గంటల్లో జ్వరం ఉండకపోవచ్చు. నాడి మాత్రం పరుగెడుతుంది. నిన్న 84 ఉన్నది ఇవాళ 118 అయితే, మనిషి లేచి కూర్చుని పేపరు చదువుతున్నా సరే, అనుభవం ఉన్న సర్జన్ అక్కడ ఆగిపోతాడు.

నాడి కంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఊపిరి. నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తున్నాడో గడియారం పట్టుకుని లెక్కపెట్టాలి. మామూలు వార్డులో అది యంత్రం చెప్పదు, ఒకరు నిలబడి చూడాలి. ఒంట్లో తేడా మొదలైందని ముందుగా చెప్పే గుర్తుల్లో అదొకటి. మామయ్య చార్టు తిరగేస్తే మూడు రోజులూ, పొద్దున్నా సాయంత్రమూ, ఊపిరి లెక్క 20 అనే ఉంది. పక్క మంచం ఆయనకీ 20. ఆ పక్కాయనకీ 20. వార్డులో అందరూ ఒకే తాళానికి ఊపిరి పీలుస్తున్నారన్నమాట! బ్రిటన్‌లో 2012 నుంచి ఊపిరి, ఆక్సిజన్ శాతం, బీపీ, నాడి, జ్వరం, స్పృహ అనే ఆరింటికీ మార్కులు వేసి కలిపి చూసే పద్ధతి తెచ్చారు. మొత్తం ఒక గీత దాటితే నర్సు డాక్టరుని పిలవాల్సిందే. ఆ మార్కుల పట్టికలో ఊపిరి ఉంది గనక దాన్ని లెక్కపెట్టక తప్పదు.

ఇక మూత్రం సంచి. అందులో ఎంత పడిందన్నది కిడ్నీల సంగతే కాదు, ఒంట్లో రక్తం సరిగ్గా తిరుగుతోందా లేదా అన్నదానికి చవకైన కొలత. కిలో బరువుకి గంటకి అర మిల్లీలీటరు చొప్పున, అంటే 60 కిలోల మనిషికి గంటకి 30 మిల్లీలీటర్లు తగ్గకూడదు. డ్రెయిన్ సీసాలో పడుతున్నది ఎంత అన్నదానికంటే ఏ రంగు అన్నది ముఖ్యం. పలచటి గులాబీ రంగు నీరు దిగుతుంటే సరే. పచ్చగా పైత్యరసమో, మురికి వాసనతో మలమో కనిపిస్తే లోపల కుట్టు ఊడినట్టే. పిక్కలు నొక్కి చూస్తారు. మంచాన పడి ఉన్నవాళ్ళకి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకి ఎగబాకితే ప్రాణం మీదికి వస్తుంది. మూడు రంగుల బంతులుండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చి పీల్చమంటారు, అది అలంకారంగా కిటికీలో ఉందా, నిజంగా వాడుతున్నారా అన్నదీ చూడాలి.

వీటితోపాటు ప్రతి పూటా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒంటికి తగిలించిన ఈ పైపుల్లో ఇవాళ ఏది అక్కర్లేదు? మూత్రం పైపు ఉన్న ప్రతి రోజూ అందులో సూక్ష్మజీవులు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం పెరుగుతూ పోతుంది. పెట్టేటప్పుడు అందరికీ గుర్తుంటుంది, థియేటర్లో పెడతారు గనక. తీయడానికి మాత్రం ఎవరో ఒకరు తలచుకోవాలి.

తిండి సంగతి చెప్పుకోవాలి. గ్యాస్ పోయేదాకా నీళ్ళు కూడా ఇవ్వరనేది మన ఇళ్ళలో తరాలుగా పాతుకుపోయిన నమ్మకం. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లో దీన్ని తిరగేసి చూశారు. పేగు ఆపరేషన్ అయినవాళ్ళని తొందరగా లేపి నడిపించడం, తొందరగా నోటికి ఇవ్వడం, నొప్పి బాగా తగ్గించడం, పైపులు త్వరగా తీయడం, ఇవన్నీ కలిపి చేస్తే మనిషి త్వరగా కోలుకుంటాడని చూపించారు. ఇవాళ ఎన్నో దేశాల్లో అదే పద్ధతి. అయితే ఎవరికి ఏ రోజు ఏది మొదలుపెట్టాలన్నది ఆ మంచం దగ్గర ఆ పూట తేల్చాల్సిన సంగతి. సీఎస్‌టీ అని రాసిన చోట తేల్చడం వాయిదా పడుతుంది.

ఇదంతా ఎందుకింత ముఖ్యమో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చెబుతుంది. నేను చదివినవాటిలో నన్ను కుదిపేసింది ఇదే. మిషిగన్‌ విశ్వవిద్యాలయానికి చెందిన అమీర్ గఫేరీ, జాన్ బర్క్‌మేయర్, జస్టిన్ డిమిక్ 2009లో ప్రచురించారు. పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 84,730 మంది వివరాలు తీసుకుని, ఆసుపత్రుల్ని మరణాల శాతాన్ని బట్టి ఐదు వరసల్లో పెట్టారు. మేలైన వరసలో మరణాలు 3.5 శాతం, చివరి వరసలో 6.9 శాతం. దాదాపు రెట్టింపు. మనమైతే ఏమనుకుంటాం? ఆ చివరి వరసలో సర్జన్ల చెయ్యి మంచిది కాదు, అక్కడ ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు ఎక్కువ వస్తాయి అనుకుంటాం. లెక్క తీస్తే ఇబ్బందులు మేలైన చోట 26.9 శాతం మందికి, చివరి చోట 24.6 శాతం మందికి వచ్చాయి. అంటే దాదాపు సమానం. తేడా ఎక్కడుందంటే, పెద్ద ఇబ్బంది వచ్చినవాళ్ళలో మేలైన చోట 12.5 శాతం మంది చనిపోతే, చివరి చోట 21.4 శాతం మంది చనిపోయారు.

కారడం, ఇన్‌ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం ఎక్కడైనా వస్తాయి. వచ్చినప్పుడు ఎంత తొందరగా పసిగట్టారు, పసిగట్టాక ఎంత తొందరగా కదిలారు అన్నదాంట్లో బతుకూ చావూ ఉన్నాయి. పసిగట్టే చోటు థియేటర్ కాదు, వార్డు. మనం మాత్రం మంచి సర్జన్ ఎవరని ఊరంతా వాకబు చేస్తాం. ఆ ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకి వార్డులో ఎవరుంటారని ఒక్కరమూ అడగం.

ఇప్పుడు చెవుల సంగతికి వద్దాం. అమెరికాలోనే జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టరు ఒక మామూలు ప్రశ్న వేశారు. ఐసీయూలో రౌండ్స్ అయ్యాక నర్సుల్నీ జూనియర్ డాక్టర్లనీ, "ఈ రోగికి ఇవాళ చేయాల్సిందేమిటో మీకు అర్థమైందా?" అని అడిగారు. అర్థమైందన్నవాళ్ళు 10 శాతం కన్నా తక్కువ. అందరూ ఆ మంచం చుట్టూ నిలబడి విన్నవాళ్ళే! ఆయన చేసిన మార్పు ఒక కాగితం. ఇవాళ ఈ మనిషి ఇంకో మెట్టు ఎక్కాలంటే ఏం జరగాలి, అతనికి ఉన్న పెద్ద ప్రమాదం ఏది, ఏ పైపు తీయొచ్చు, నొప్పి సంగతేమిటి, ఇంటివాళ్ళకి చెప్పారా, ఇలాంటి ప్రశ్నలు దాని మీద ఉంటాయి. మంచం దగ్గరే నింపి అక్కడే వదిలేస్తారు. ఎనిమిది వారాల్లో అర్థమైందన్నవాళ్ళు 95 శాతం దాటారు. ఐసీయూలో ఉండే సగటు కాలం 2.2 రోజుల నుంచి 1.1కి తగ్గింది. ఇది 2003 నాటి మాట. అది ఐసీయూ, మనది నలభై మంచాల వార్డు, ఆ అంకెలు ఇక్కడికి అలాగే దిగిపోవు. కానీ మందిలో నిలబడటం వేరు, వినడం వేరన్న సంగతికి సముద్రాల తేడా లేదు.

అలాగని ప్రతిదానికీ ఒక ఫారం అచ్చువేయిస్తే సరిపోతుందా? ఇక్కడే నాకు అనుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల జాబితా ఒకటి తెచ్చింది. అతుల్ గవాండే బృందం ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు చెప్పింది. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, ఇబ్బందులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. లోకమంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కెనడాలోని అంటారియో రాష్ట్రంలో ఆ జాబితాని తప్పనిసరి చేశారు. 101 ఆసుపత్రుల లెక్కలు తీసి 2014లో ప్రచురిస్తే, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. మందు అదే, ఒకచోట పనిచేసింది, ఇంకోచోట చేయలేదు. దీనికి వైద్యులు రకరకాల కారణాలు చెబుతారు. నాకు సబబనిపించింది ఇది. ఒకచోట ఆ జాబితా పేరుతో మనుషులు ఆగి, ఒకరితో ఒకరు మాట్లాడారు. ఇంకోచోట పైనుంచి ఉత్తర్వు వచ్చింది గనక గళ్ళలో టిక్కులు పెట్టారు. మన దగ్గర టిక్కులు పెట్టే విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ వార్డంతటా ఒకటే అయిన ఊపిరి లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు?

అందుకే కాగితం కంటే ముందు మనిషి. మంచం దగ్గర ఆ మంచం సిస్టర్ ఉండాలి. బ్రిటన్‌లో ఫిజీషియన్ల రాయల్ కాలేజీ, నర్సింగ్ రాయల్ కాలేజీ కలిసి 2012లో రౌండ్స్ ఎలా జరగాలో ఒక పత్రం రాశాయి. ప్రతి రోగినీ చూసేటప్పుడు పక్కన సీనియర్ నర్సు ఉండాలన్నది అందులోని ముఖ్యమైన మాట. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. మన వార్డులో ప్రయత్నిస్తే ఎంత కష్టమో తెలుస్తుంది. నర్సుల నైట్ డ్యూటీ దిగి మార్నింగ్ డ్యూటీ ఎక్కేది ఎనిమిది ప్రాంతంలో. పొద్దుటి ఇంజెక్షన్లూ ఆ వేళకే. సరిగ్గా అప్పుడే రౌండ్స్. ముగ్గురుండాల్సిన చోట ఒక్కరే ఉన్న సిస్టర్ ఏ చివర ఉంటుంది? రాత్రంతా కనిపెట్టుకుని ఉన్న ఆవిడ అప్పటికే బ్యాగు సర్దుకుంటోంది, కొత్తగా వచ్చిన ఆవిడకి ఎవరు ఎవరో ఇంకా తెలియదు. నర్సుల కొరత ఉన్నంత కాలం ఇది పూర్తిగా తీరదు, నిజమే. కానీ ఇంజెక్షన్ల వేళని అరగంట ముందుకో వెనక్కో జరపడానికి కొత్త పోస్టులు మంజూరు కానక్కర్లేదు. చీఫ్ గారూ హెడ్ నర్సూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే చాలు. అలా కూర్చోవడమే అరుదు.

రెండోది, రాసేవాడికి ఇంకో పని ఉండకూడదు. ఒక హౌస్ సర్జన్ రాయడానికే. ఇంకొకరు డ్రెస్సింగ్ విప్పడానికి. తర్వాతి మంచానికి కదిలేముందు రాసినవాడు పైకి చదవాలి. "మూత్రం పైపు ఇవాళ తీయాలి, గంటకి రెండు చెంచాల నీళ్ళు, సాయంత్రం లేపి నడిపించాలి, నాడి 100 దాటితే ఫోన్." అంతే, పది సెకన్లు పట్టదు. సిస్టర్ అది విని తల ఊపితే సరిపోదు, "పైపు నేను పది గంటలకి తీస్తా" అనాలి. అమెరికాలో తొమ్మిది పిల్లల విభాగాల్లో జూనియర్ డాక్టర్లు డ్యూటీ మారేటప్పుడు రోగుల్ని అప్పగించే తీరుని ఇలాగే మార్చారు. చెప్పినవాడు ఒక వరసలో చెప్పాలి, విన్నవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తప్పించగలిగిన హాని 30 శాతం తగ్గింది. తిరిగి చెప్పించుకోవడం మనకి కొత్త కాదు. పాల లెక్కయినా, పెళ్ళి వంటవాడికిచ్చే సామాన్ల చీటీ అయినా, "ఏదీ, ఓసారి చదువు" అంటాం. మనిషి పేగు విషయంలో మొహమాటం ఎందుకో.

థియేటర్ రోజున పొద్దున్న తీరిక దొరకదు గనక సాయంత్రం ఇంకోసారి తిరగాలి. పొద్దున్న చెప్పినవి అయ్యాయా లేదా అని చూడటానికే ఆ తిరగడం. పీజీ ఒక్కడే తిరిగినా చాలు. మామయ్య పైపు మూడో రోజు సాయంత్రానికే బయటపడేది.

చేతుల మాట కూడా చెప్పి తీరాలి, నచ్చినా నచ్చకపోయినా. వియన్నాలో ఇగ్నాజ్ సెమెల్వైస్ 1847లో డాక్టర్ల చేతులు క్లోరిన్ నీళ్ళతో కడిగిస్తే బాలింత మరణాలు ఎంతగానో పడిపోయాయి. అప్పటి పెద్దలు ఆయన్ని నమ్మలేదు. ఇవాళ అందరూ నమ్ముతారు, మంచం కాలికి స్పిరిట్ సీసా కూడా కట్టి ఉంటుంది. ఆరో మంచం చీము పుండు చూసిన వేలు ఏడో మంచం పొట్ట మీదికి నేరుగా వెళ్ళడం ఆ అద్దంలోంచి నేను ఒకటికి రెండుసార్లు చూశాను. చీఫ్ గారు రుద్దుకున్న రోజున వెనకున్న ఆరుగురూ రుద్దుకున్నారు. ఆయన మరిచిపోయిన రోజున ఆరుగురూ మరిచిపోయారు.

ఇక భాష. డాక్టర్లు వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకోవడం నేర్పే అవసరం కొద్దీ వచ్చింది, దాన్ని తప్పు పట్టను. చివర్లో రెండు ముక్కలు తెలుగులో చెప్పకపోవడమే బాధ. "పెద్దాయనా, బాగుంది. ఇవాళ మూత్రం పైపు తీసేస్తారు, సాయంత్రం నడవాలి." ఈ మాట వినుంటే మామయ్యే పదిసార్లు గుర్తుచేసేవాడు. ఆయన ఊళ్ళో సొసైటీ అప్పులు వసూలు చేసిన మనిషి, ఎవరికైనా ఏదైనా గుర్తుచేయడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆడవాళ్ళ వార్డులో ఇంకో చిక్కు. ఏడుగురు కుర్ర డాక్టర్లు చుట్టూ నిలబడి, తెర కూడా లాగకుండా, "గ్యాస్ పోయిందా, మోషన్ అయిందా?" అని అడిగితే అరవయ్యేళ్ళ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఆఁ" అంటుంది. పోయినా ఆఁ, పోకపోయినా ఆఁ. ఆ ఆఁని నమ్మి అన్నం మొదలుపెడితే పొట్ట ఉబ్బుతుంది.

ఆ విజిల్ దగ్గరికి మళ్ళీ వస్తాను. రాత్రి ఎన్నిసార్లు వాంతి అయింది, ఎప్పుడు ఆయాసపడ్డాడు, డ్రెయిన్ సీసా ఎప్పుడు రంగు మారింది, ఇవన్నీ తెలిసిన మనిషి మంచం కింద చాప మీద పడుకున్న అటెండరు. రౌండ్స్ వేళకి సరిగ్గా ఆ మనిషినే బయటికి తోలతాం. గుంపు ఉంటే ఇన్‌ఫెక్షన్, గోల, అది ఒప్పుకుంటాను. కానీ మంచానికి ఒక్కరిని, తమ మంచం వంతు వచ్చినప్పుడు మాత్రం, పక్కన నిలబడనిస్తే పోయేదేముంది? పిల్లల వార్డుల్లో తల్లిని ఉంచుతున్నారు కదా.

ఉండనివ్వని చోట కూడా చేయగలిగింది కొంత ఉంది. జ్వరం వచ్చిన మర్నాడు మా అత్తయ్య రెండు రూపాయల నోటుబుక్కు ఒకటి కొనిపించింది. రాత్రి ఏ టైముకి ఏమైందో అందులో రాయించింది. ఒంటిగంటకి వణుకు, మూడింటికి ఆయాసం, సంచిలో ఇంత, సీసాలో ఇంత, రంగు ఇది. ఆ పుస్తకం మామయ్య దిండు మీద తెరిచి పెట్టి తాను బయటికి వెళ్ళేది. మొదటి రోజు ఎవరూ చూడలేదు. రెండో రోజు ఒక హౌస్ సర్జన్ తీసి చదివి, నవ్వి, అందులోంచి అంకెలు కేస్ షీట్లోకి ఎక్కించుకున్నాడు. రౌండ్స్ అయ్యాక అత్తయ్య సిస్టర్ దగ్గరికి వెళ్ళి మూడే అడిగేది. ఇవాళ కొత్తగా ఏం చేయమన్నారమ్మా? ఏదైనా తీసేయమన్నారా? ఏం కనిపిస్తే నిన్ను పిలవాలి? ఆ అడగడంలో దెప్పిపొడుపు లేదు గనక సిస్టర్ కూడా విసుక్కోలేదు. మూడో రోజు నుంచి అత్తయ్య అడగకముందే కేస్ షీట్ తెచ్చి చదివి వినిపించేది.

ఇంకొక్క సంగతి. అమెరికాలోని కాన్సస్‌లో వెన్నెముక ఆపరేషన్లు అయినవాళ్ళ మీద 2012లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. డాక్టరు కొందరి దగ్గర నిలబడి మాట్లాడాడు, కొందరి దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గడిపిన సమయం నిజానికి దాదాపు ఒకటే. కూర్చున్నప్పుడు మాత్రం రోగులకి చాలాసేపు ఉన్నాడనిపించింది.

చదివి నవ్వుకున్నాను. జ్వరం తగ్గాక ఒక సాయంత్రం ఆ పీజీ డాక్టరు ఒక్కడే వచ్చాడు. ఇనప స్టూలు కాలితో లాక్కుని మంచం పక్కన కూర్చుని, "చెప్పు బాబాయ్, ఎలా ఉంది?" అన్నాడు. మామయ్య మొదలుపెట్టాడు. నొప్పి ఎటునుంచి ఎటు పోతోందో, మజ్జిగ ఎందుకు ఇవ్వరో, పొలం కౌలుకిచ్చిన సంగతీ, అన్నీ. అతను మధ్యలో పొట్ట మీద చెయ్యి వేసి చూశాడు, కుట్లు చూశాడు, నోటుబుక్కు తిరగేశాడు, రేపటి నుంచి మజ్జిగ తాగొచ్చని చెప్పి లేచాడు. నేను గోడ గడియారం కిందే నిలబడి ఉన్నాను. నాలుగు నిమిషాలు. మామయ్య మాత్రం ఇప్పటికీ అరగంట కూర్చున్నాడనే చెబుతాడు.